పోలీసులు రాని ఊళ్లో తూదా వదిన

మా అన్న జైద్ పెళ్లికూతుర్ని కనుమ దాటించి తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పెళ్లికూతురు కంచరగాడిద మీద కూర్చుని, ముఖం మీద ఎర్ర ముసుగుతో, ఆడవాళ్ల పాటల మధ్య ఊళ్లోకి రావాలి. మా తూదా వదిన మాత్రం నడిచొచ్చింది. దిగుడు దారిలో గాడిద కాలు జారుతోందని తనే కిందికి దూకి, పగ్గం పట్టుకుని, దాన్ని బుజ్జగిస్తూ మా గుమ్మం దాకా తీసుకొచ్చింది. పాలూ ఖర్జూరాలూ పట్టుకుని ఎదురుచూస్తున్న మా అమ్మ అవి కింద పెట్టేసింది.

"ఇదేందమ్మా, కొత్త కోడలు గాడిదను తోలుకొస్తోంది?" అంది.

"దీని కాలు విరిగితే రేపు కట్టెలు నువ్వు మోస్తావా అత్తా?" అంది వదిన ముసుగులోంచి.

మా దగ్గర పెళ్లికూతురు మూడు రోజులు నోరు విప్పకూడదు. మా నాన్న నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అది జరిగి ముప్పై అయిదేళ్లయింది. మా కొండ ఊరు తిమెల్లాలో ఇప్పుడు నలభై ఒక్క ఇళ్లున్నాయి. పోలీసు స్టేషను, ఆస్పత్రి, మందుల కొట్టు, అన్నీ గురువారం సంత జరిగే ఊళ్లోనే. వాగు మీద వంతెన ఉంటే జీపు మట్టిదారిన మా ఊరి దాకా వస్తుంది. లేకపోతే తారు రోడ్డు వరకు మూడు గంటల నడక, ఆపైన ఎప్పుడు వస్తుందో తెలియని వ్యాను. వంతెన ఉన్న నెలలకంటే లేని నెలలే ఎక్కువ. మంచు పడితే కనుమ కూడా మూసుకుపోతుంది. అందుకే గొడవలు మా పెద్దలే మసీదు అరుగు మీద కూర్చుని తేలుస్తారు. జబ్బులు మాత్రం పెద్దల మాట వినవు కాబట్టి వాటిని దేవుడికి వదిలేసేవాళ్లం.

వదినకు పదేళ్లప్పుడు వాళ్ల నాన్న ఆమెను కింద మైదానంలో ఒక పోలీసు సార్జెంటు ఇంట్లో పనికి పెట్టాడు. మూడేళ్లు అక్కడ గిన్నెలు తోమింది. ఆయన భోజనాల వేళ ఇంటికొస్తే ఫిర్యాదులు మోసుకుని జనం వరండాలోకి వచ్చేవాళ్లట. వదిన ఆ పక్కనే బట్టలు ఉతుకుతూ అన్నీ వినేది. మా కొండ భాష తప్ప రాని పిల్ల అరబ్బీ అక్కడే నేర్చుకుంది. చదవడం రాయడం రాలేదు గాని, ఫిర్యాదు అనేది ఎట్లా పుడుతుందో, ఎక్కడ తొక్కిపెడతారో, ఎవరి పేరు చెబితే పైకి లేస్తుందో అన్నీ తెలుసుకుంది. "ఆ ఇంట్లో నాకు పెట్టింది తక్కువే. విన్నది మాత్రం కడుపునిండా విన్నా" అనేది.

ఊళ్లో ఆమె మాట మొదటిసారి చెల్లింది కాలవ గొడవలో. ఒక వేసవి సాయంత్రం మోహా, అతని అన్న నీళ్ల వంతు గురించి పారలెత్తుకున్నారు. మోహాది మా ఊళ్లో అందరికంటే పెద్ద గొంతు, మనిషేమో అందరికంటే తొందర. పెద్దలు గట్టు మీద నిలబడి "ఆగండ్రా, ఆగండ్రా" అంటున్నారే తప్ప పారల మధ్యకు ఎవరూ వెళ్లడం లేదు. అప్పుడే బట్టలు ఉతుక్కుని వస్తున్న వదిన మూట గట్టున పెట్టి, సరిగ్గా ఇద్దరి మధ్యా కాలవలోకి దిగి కూర్చుంది. నడుము దాకా నీళ్లు. వంతు ఎవరిదైనా, ఆ నీళ్లు ఇటూ పోవు, అటూ పోవు.

"లేమ్మా, లే. ఆడకూతురివి, నీకెందుకిది?" అన్నాడు మోహా.

"చల్లగా ఉంది. మీ తగువు తెగేదాకా కూర్చుంటా. తొందరేం లేదు."

పరాయి ఆడమనిషి మీద చెయ్యి వెయ్యడానికి ఇద్దరికీ ధైర్యం లేదు. మా అన్నను పిలుచుకొచ్చారు. అన్న వచ్చి, గడ్డం గోక్కుని, "నా పెళ్లాం కూర్చుందంటే నేనే లేపలేను. మీరు చూస్తే పారలు పట్టుకుని వచ్చారు. దానికి పలుగు కావాలి" అన్నాడు. గట్టు మీది జనమంతా నవ్వారు. నవ్విన జనం ముందు పార ఎత్తడం ఎవరికైనా కష్టమే. పొద్దు గుంకేలోపు వంతులు తేలిపోయాయి. వదినకు నాలుగు రోజులు జలుబు చేసింది.

ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. మా ఊరికి సిగ్నలు రాదు. ఊరి పైన కళ్లం పక్కనున్న బండ మీద నిలబడితే మాత్రం రెండు గీతలు కనిపిస్తాయి. పోలీసులకో, ఆంబులెన్సుకో, పశువుల డాక్టరుకో చెప్పాలంటే ఎవరో ఒకరు అక్కడికెక్కాలి, అరబ్బీలో మాట్లాడాలి, అవతలివాడు కసిరితే బెదరకుండా నిలబడాలి. ఈ మూడూ ఉన్నది మా ఊళ్లో ఒక్క వదినకే. ఎవరికి ఏ ఆపద వచ్చినా "తూదాను బండెక్కించండి" అనడం అలవాటైపోయింది.

ఈ ఇత్తో కోసం, అంటే నాకోసం కూడా ఎక్కింది. ముప్పై నాలుగో ఏట నాకు షుగరు వచ్చింది. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది వేసుకోవాలి. మందు చల్లగా ఉంచమన్నారు డాక్టరు. కరెంటు లేని ఊళ్లో చల్లగా అంటే తడి గోనె చుట్టిన కుండే. ఒక ఎండాకాలం కుండ ఎండకు ఓడిపోయింది. మందు చెడిపోయిందని తెలియక అదే వేసుకుంటూ పోయాను. చివరికి రొట్టెల పొయ్యి దగ్గర పడిపోయానట. ఆరుగురు మగవాళ్లు నన్ను నిచ్చెనకు దుప్పట్లతో కట్టి తారు రోడ్డు దాకా మోశారు. వదిన ముందు బండెక్కి ఆంబులెన్సుకు చెప్పి, దిగి పరుగెత్తి నిచ్చెనను అందుకుని, దారంతా నా పెదాలు తడుపుతూ నడిచింది. కళ్లు తెరిచేసరికి ఆస్పత్రి మంచం మీదున్నాను. మంచం పక్కన నేల మీద కూర్చుని నా మొగుడు అసూ ఏడుస్తున్నాడు. అసూ మెతక మనిషి. వయసులో ఉన్నప్పుడు పట్నంలో కరెంటు పని చేశాడు. ఆ తర్వాత గొర్రెలు, మొక్కజొన్న, నేను, అంతే అతని లోకం.

ఆ మరుసటేడు ఒక సంఘం వాళ్లు మా ఊరికి నీళ్ల మోటారు ఇచ్చారు. లోయలో ఊట దగ్గర మోటారు, పక్క రాతి మీద ఎనిమిది సోలార్ పలకలు, ఊరి నడుమ తొట్టి. తొట్టిలో మొదటిసారి నీళ్లు పడిన రోజు ఆడవాళ్లందరం డప్పులు వాయించాం. పుట్టిన దగ్గర్నుంచి వాగు నుంచి వీపు మీద నీళ్లు మోసిన వాళ్లం మరి. మా అమ్మ బతికి ఉంటే బాగుండునని ఆ రోజు చాలాసార్లు అనుకున్నాను.

రెండు నెలలకు, ఆగస్టులో ఒక ఉదయం మోటారు తిరగలేదు. వెళ్లి చూస్తే ఎనిమిది పలకల్లో రెండు లేవు.

ఆడవాళ్లం మళ్లీ డబ్బాలు వీపుకెత్తుకున్నాం. మగవాళ్లు మసీదు ముందు గుమిగూడారు. ప్రతి వేసవిలో దక్షిణం నుంచి గొర్రెలను తోలుకొచ్చి, మా ఊరికెదురు కొండ మీద గుడారాలేసుకునే వాళ్లున్నారు. అందరి కళ్లూ అటే తిరిగాయి.

"ఇంకెవరు? గుడారాల్లో దీపాలకని ఎత్తుకుపోయి ఉంటారు. కర్రలు తీసుకుని పోదాం పదండి" అన్నాడు మోహా. పదిమంది తలలూపారు.

మా ఊరి పెద్ద యిదీర్ తాత చెయ్యెత్తాడు. "ముందు పోలీసులకు చెబుదాం. తూదాను బండెక్కించండి."

నీళ్ల డబ్బా దించి నేనూ వదిన వెంట బండ దాకా వెళ్లాను. నాలుగోసారికి ఫోను తగిలింది.

"పోలీసు స్టేషనేనా సార్? తిమెల్లా నుంచి మాట్లాడుతున్నా. మా నీళ్ల మోటారు పలకలు రెండు పోయినయి."

"ఎవరన్నా చచ్చారా?"

"లేదు సార్."

"రక్తం?"

"ఇంకా లేదు. రేపో ఎల్లుండో కారేటట్టుంది. అందుకే చేస్తున్నా."

"కారాక చెయ్యండి. దొంగతనమైతే ఇక్కడికొచ్చి రాసివ్వాలి."

"వంతెన కొట్టుకుపోయింది సార్."

"వంతెన బాగయ్యాక రండి."

ఇంకెవరైనా అయితే అక్కడితో పెట్టేసేవాళ్లు. వదిన కొంగు బిగించింది. "అట్లాగే సార్. మీరే రాసుకోండి, నేను చెప్తా. ముందు తేదీ వెయ్యండి. మీ పేరేంది సార్? రేపు ఇక్కడ తలకాయలు పగిలి పైవాళ్లు అడిగితే, ఫలానా సార్‌కు ఫలానా రోజు చెప్పామని చెప్పాలి కదా."

అవతల కాయితం గరగరలాడింది.

ఫోను పెట్టాక "వస్తారా వదినా?" అన్నాను.

"వస్తారు. ఎప్పుడన్నది అడక్కు."

మర్నాడు మోహా వాళ్లు కర్రలు చెక్కుతుండగానే వదిన నీలం కాయితం చుట్టిన చక్కెర దిమ్మ ఒకటి కానుకగా చంకలో పెట్టుకుని ఎదురు కొండెక్కింది. గుడారాల దగ్గర హద్దా అనే ముసలమ్మ పెద్దరికం చేస్తుంది. వదిన వచ్చిన పని చెప్పకముందే ఆమె నవ్విందట.

"మీ మగవాళ్ల అరుపులు ఇక్కడికి వినబడుతున్నాయిలే. మా దగ్గర నీ పలకలు లేవు, గుడారాలన్నీ వెతుక్కో. కానీ ఒకటి చూశా. నిన్న తెల్లారగట్ల, నేను మేకలకు పాలు పితుకుతుంటే లోయలో ఏదో తళుక్కుమంది. గాడిదకు రెండువైపులా అద్దాలు కట్టినట్టు. ఆ మెరుపు మా వైపు ఎక్కలేదు తల్లీ, కనుమ వైపూ పోలేదు. మీ ఊరి కింది ఇళ్ల దాకా పోయి ఆగిపోయింది."

కింది ఇళ్లు ఆరు. వదిన దిగొచ్చి ఎవరితోనూ ఏమీ అనలేదు. ఉప్పు కావాలనీ, పులిసిన పిండి కావాలనీ ఒక్కో ఇంటికీ వెళ్లింది. ఆఖరిది మా ఇల్లు. ఎండన పడి వచ్చింది కదా అని నేను గబగబా లోపలికెళ్లి మజ్జిగ తెచ్చిచ్చాను.

వదిన గ్లాసు అందుకుని నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చూసింది. ఆగస్టు నెల, మిట్టమధ్యాహ్నం. గ్లాసు బయట చెమట పట్టి ఉంది.

అప్పుడర్థమైంది నేనేం చేశానో.

జూలైలో మా ఆయన సంత నుంచి లారీవాళ్లు వాడే చిన్న ఫ్రిజ్ ఒకటి గాడిద మీద తెచ్చాడు. నీ మందుకని, ఎవరికీ చెప్పొద్దని అన్నాడు. కొన్నాళ్లు ఊరికే పడి ఉంది. ముందు రోజు పొద్దున చల్లబడింది. ఎట్లా అంటే, "పాత పలకలు దొరికాయిలే" అన్నాడు. నమ్మాను అంటే అబద్ధం. నేనే మరి అడగలేదు. సూదిమందు చల్లగా చేతికి తగిలినప్పుడు ఎంత నిశ్చింతగా అనిపించిందో, ఆ నిశ్చింతను పోగొట్టుకోవడం ఇష్టంలేక అడగలేదు. మోటారు ఆగిందని తెలిశాక కూడా అడగలేదు.

వదిన మజ్జిగంతా తాగి, గ్లాసు కింద పెట్టి, గొర్రెల దొడ్డి వైపు నడిచింది. ముళ్లకంచె వెనక, గోడకు ఆనించి రెండు పలకలు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి అసూ గడ్డి మోపుతో వచ్చాడు. వదిన ముఖం చూడగానే మోపు జారిపోయింది.

"అక్కా..."

"నాకు చెప్పకు. సాయంత్రం నమాజయ్యాక సభ ఉంది, అక్కడ చెప్పు."

"ఊళ్లోంచి వెళ్లగొడతారక్కా."

"వెళ్లగొడితే మా ఇంటికి రా. మా ఇల్లూ ఊళ్లోనే ఉందనుకో, అది వేరే సంగతి."

అసూకు నవ్వు రాలేదు. "ఇత్తో కోసం చేశానక్కా. పోయినేడు దాన్ని ఎట్లా మోశామో నువ్వూ చూశావు."

"చూశాను. నువ్వొక్కడివే మోశావా? ఆరుగురు మోశారు. ఆ ఆరుగురి ఇళ్లల్లో ఆడవాళ్లు ఇప్పుడు వాగు నుంచి నీళ్లు మోస్తున్నారు. నీ పెళ్లాం కూడా మోస్తోంది, కనబడలేదా?" వదిన గొంతు పెంచలేదు. "నేను చెప్తే నువ్వు దొంగవి. నువ్వే చెప్తే తప్పు చేసినవాడివి. సాయంత్రం దాకా టైముంది."

ఆమె వెళ్లాక నేను అసూ మీద విరుచుకుపడ్డాను. "నన్నడిగావా? నాకు చెప్పావా? నలుగురి నీళ్లు తెచ్చి నాకు మందు చేస్తావా?" అని అరిచాను. అతను గడ్డి పోచలు ఏరుతూ కూర్చున్నాడు. చివరికి, "నిన్ను నిచ్చెనకు కట్టేటప్పుడు ముడులు నేనే వేశాను" అన్నాడు. ఇద్దరం ఒక రొట్టె పంచుకుని తిన్నాం. తర్వాత అతను ముఖం కడుక్కుని మసీదుకు వెళ్లాడు.

ఆడవాళ్లం పక్కింటి మిద్దె మీద నుంచి విన్నాం. అసూ లేచి, ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. మొదట లేచింది మోహాయే.

"ఆ గుడారాల వాళ్లను కొడదామని నేను కర్ర పట్టుకున్నప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు కదరా! తల కూడా ఊపావు!"

"ఊపాను" అన్నాడు అసూ.

"వాళ్లలో ఎవడన్నా చచ్చుంటే?"

అసూ తల దించుకున్నాడు. పలకలు తీసినదానికంటే ఆ తల ఊపడమే పెద్ద తప్పని నాకు ఆ క్షణాన తెలిసింది. మిద్దె మీద ఆడవాళ్లంతా నావైపు చూడకుండా ఉండటానికి అవస్థపడుతున్నారు.

యిదీర్ తాత తీర్పు చెప్పాడు. తాతల నాటి కట్టుబాటు ప్రకారం తప్పు చేసినవాడు రెండు గొర్రెలు కోసి ఊరందరికీ భోజనం పెట్టాలి. ఈసారి గుడారాల వాళ్లను కూడా పిలవాలి, పిలవడానికి అసూతోపాటు మోహా కూడా వెళ్లాలి.

"నేనెందుకు తాతా?" అన్నాడు మోహా.

"కర్రలు చెక్కింది నువ్వే కదరా. చెక్కిన చేత్తోనే పిలిచిరా."

అప్పుడు వదిన మిద్దె దిగి ఆ పక్కింటి గుమ్మంలోంచి అంది. "మరి ఆ ఫ్రిజ్ సంగతి?"

"పగలగొడదాం" అన్నాడెవరో.

"పగలగొట్టు. తర్వాత మీ కోడలు కాన్పుకు ముందు వేయించుకోవాల్సిన టీకాకు కనుమ దాటించు. మందు ఒక్క రాత్రయినా చల్లగా ఉంచే చోటు లేదనేగా నర్సు మన ఊరు రానంటోంది? చోటు ఉందని చెప్తే ఏమంటుందో అడగనా?"

అసూ తలెత్తాడు. "తొట్టి మధ్యాహ్నానికే నిండిపోతుంది. ఆ తర్వాత ఎండ అంతా వృథాయే. రెండు పలకల తీగ మార్చి బ్యాటరీకి కలిపితే ఫ్రిజ్ రాత్రంతా నడుస్తుంది. పొద్దున మళ్లీ మోటారుకు కలపొచ్చు. రోజూ నేనే మారుస్తా."

"ఎన్నాళ్లు మారుస్తావు?" అన్నాడు తాత.

"బతికున్నన్నాళ్లు."

ఆ ఫ్రిజ్ మోటారు గదిలోకి పోయింది. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నది ఎవరూ చర్చించలేదు. వదిన మెడలో వేసుకుంది.

విందు రోజు హద్దా అవ్వ తన వాళ్లందరితో దిగొచ్చింది. మోహా ఎదురెళ్లి, నేల చూపులు చూస్తూ ఆమె చేతులు కడగడానికి నీళ్లు పోశాడు. "ఈ చేతులేనా నాయనా నన్ను కొట్టాలనుకున్నవి? చూస్తే మెత్తగా ఉన్నాయే" అని ఆమె అతని అరచేయి తిరగేసి చూసింది. మోహా కూడా నవ్వేశాడు. ఆ రాత్రి ఊరి ఆడవాళ్లం, గుడారాల ఆడవాళ్లు కలిసి వరసల్లో నిలబడి పాడాం. నేను మూడు రోజులుగా తలెత్తలేదు. వదిన నన్ను మోచేత్తో పొడిచి, "పాడవే. గొంతు దాచుకుంటే ఏం మిగులుద్ది?" అంది. పాడాను.

అక్టోబరులో వంతెన మీద దుంగలు వేశారు. ఆ వారంలోనే జీపు వచ్చింది. ఒక సార్జెంటు, ఒక కుర్ర జవాను. చేతిలో కాయితం.

"సోలార్ పలకలు రెండు పోయాయని ఫిర్యాదు. ఎవరిది?"

ఊరు ఊరంతా ఒకరి ముఖాలొకరు చూసుకుంది. వాళ్లను మా అన్న ఇంట్లో కూర్చోబెట్టారు. టీ పొయ్యడంలో ఊళ్లో అందరికంటే అసూ చెయ్యి మేలు. ఆ రోజు కూడా అతన్నే కూర్చోబెట్టారు. పుదీనా టీ పైనుంచి ధారగా పోస్తూంటే సగం గ్లాసు దాటి పళ్లెంలో పడింది.

వదిన వచ్చి కూర్చుంది. "ఫోను చేసింది నేనే సార్. పలకలు ఎనిమిదీ ఉన్నాయి. పోయి చూసుకోండి."

"మరి దొంగ?"

"పలకలు ఉంటే దొంగ ఎక్కడుంటాడు సార్?"

సార్జెంటు ఆమెను కాసేపు చూశాడు. అసూ చేతిలోని కూజాను కూడా చూశాడు. మనిషి తెలివైనవాడే. "ఈ కాయితం మూయాలి కదమ్మా. ఏం రాయాలి?"

"వస్తువు దొరికింది, ఫిర్యాదు చేసినవాళ్లు వద్దనుకున్నారు. అట్లా రాసి వేలిముద్ర వేయించుకోండి. పై ఆఫీసులో ఇంకేం అడగరు."

"నీకెట్లా తెలుసు?"

"మీలాంటి ఒక సార్ ఇంట్లో మూడేళ్లు గిన్నెలు తోమాను."

కుర్ర జవాను పెదాలు బిగబట్టి కిటికీలోంచి చూడసాగాడు. సార్జెంటు మాత్రం పైకే నవ్వి రాసుకున్నాడు. వేలిముద్ర వేశాక వదిన కాయితం వదల్లేదు. "ఇంత దూరం వచ్చారు కదా సార్. ఇంకోటి రాసుకోండి. మా దగ్గర మందు చల్లగా ఉంచే పెట్టె ఉంది, నర్సు రావచ్చని."

"అది నా పని కాదమ్మా."

"తెలుసు సార్. కానీ ఆస్పత్రి మీ స్టేషను పక్కనే కదా."

ఆయన రాసుకున్నాడు. ఆస్పత్రిలో ఇవ్వడేమో అనుకున్నాం. కానీ నవంబరులో జమీలా అనే నర్సు ఐసు పెట్టె భుజానేసుకుని దిగింది. మొదట తాళంచెవి అడిగింది, ఫ్రిజ్ తలుపు నాలుగుసార్లు తీసి మూసింది, లోపల వేలు పెట్టి చూసింది. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. మర్నాడు పదిహేనుమంది పిల్లలకూ ముగ్గురు గర్భిణులకూ టీకాలు వేసింది. ఇప్పుడు రెండు నెలలకోసారి వస్తోంది. వంతెన లేనప్పుడు రాదు. రోడ్డు రాలేదు, కరెంటు రాలేదు. పోలీసులు ఆ తర్వాత ఒక్కసారే వచ్చారు, అదీ దారితప్పి.

అసూ రోజూ మధ్యాహ్నం లోయలోకి దిగి తీగ మారుస్తాడు. మొదటేడు ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లొచ్చేవాడు. ఇప్పుడు దారిలో మోహా కలుస్తాడు, ఇద్దరూ మోటారు గది నీడలో కూర్చుని గొర్రెల ధరల గురించి వాదించుకుంటారు. రావడం ఆలస్యమైతే నేను మిద్దె మీద నుంచి కేకేస్తాను.

వదినకు అరవై దాటాయి. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు బండెక్కడం లేదు. పెద్ద కోడలికి అరబ్బీ నేర్పి పంపుతోంది. ఆ పిల్ల ఫోనులో "దయచేసి" అంటే చాలు, కింద నుంచి "దయ ఎందుకే, తేదీ వెయ్యమను!" అని కేకలేస్తుంది.

పోయిన శీతాకాలం ఇరవై మూడు రోజులు మంచులో చిక్కుకున్నాం. పొద్దున్నే వదిన ఉన్ని దుప్పటి కప్పుకుని మిద్దెక్కి, నలభై ఒక్క ఇళ్ల పొగగొట్టాలూ చూసేది. పొగ వస్తే బతికున్నట్టు. ఒక ఉదయం మోహా కొడుకింటి నుంచి పొగ రాలేదు. ఆ పిల్లాడికి పెళ్లయి పది రోజులు కాలేదు. వదిన చేతికర్రతో, మంచులో మోకాళ్ల దాకా కూరుకుపోతూ, వెనకాల మా అన్ననూ నన్నూ వేసుకుని వెళ్లి తలుపు దబదబా బాదింది. ఎంతసేపటికీ తియ్యలేదు. "జైద్, పలుగు తే!" అంది.

అప్పుడు తలుపు జానెడు తెరుచుకుంది. కొత్త పెళ్లికూతురు, జుట్టు రేగిపోయి, ముఖం ఎర్రబడి, "ఏమైందత్తా?" అంది.

వదిన ఒక్క క్షణం ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసింది. "ఏం కాలేదమ్మా. పొయ్యి వెలిగించి పడుకోండి" అని తలుపు తనే మూసేసింది.

దారిలో మా అన్న ఒక్క మాటా మాట్లాడలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. వదిన ఆగి, వెనక్కి తిరిగి అతన్ని కర్రతో పొడవబోయి, తనే పకపకా నవ్వుతూ మంచులో కూలబడింది. మేమిద్దరం చెరో చెయ్యి పట్టుకుని లేపబోతే, "ఉండండి, కాసేపు కూర్చోనివ్వండి" అంది. అప్పటికి ఎదురింటి మిద్దె మీద నుంచి ఎవరో అడగనే అడిగారు, ఏమైందని. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. మోహా కొడుకు మూడు రోజులు బయటికి రాలేదు. పొగ మాత్రం రోజూ పొద్దున్నే, అందరికంటే ముందు, వాళ్లింటి నుంచే వచ్చింది.